కడీల కింది ఒర్రె

హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుని షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు వెళ్లినా, విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, చిట్యాల మీదుగా నల్లగొండకు మళ్లినా కనబడేది ఒకటే. పెద్ద ఆర్చి, దాని మీద ఏదో ఒక పూల పేరు, పక్కన రెపరెపలాడే జెండాలు. లోపల సిమెంటు రోడ్లు, రోడ్ల వెంట వేప మొక్కలు, మొక్కల వెనక వరసగా నాటిన రాతి కడీలు. కడీ మీద ఎర్ర రంగుతో ప్లాటు నెంబరు. నిన్నటిదాకా కంది, ఆముదం, పత్తి పండిన చెలక ఇవాళ గజాల్లో అమ్ముడుపోతోంది.

అలాంటి వెంచర్‌లో ఒకచోట ఆగి నేలను చూడండి. ఒకటో నెంబరు ప్లాటు దగ్గర మట్టి ఎర్రగా, గరుకుగా, మొరం కలిసి ఉంటుంది. అదే వరసలో ఇరవై ప్లాట్లు దాటేసరికి కడీల మొదళ్ల దగ్గర మట్టి నల్లగా, మెత్తగా మారుతుంది. ఎండాకాలంలో పగుళ్లిస్తుంది. తుంగ మొలిచి ఉంటుంది. ఎత్తు నుంచి నీళ్లు మోసుకొచ్చిన సన్నమట్టి ఏళ్ల తరబడి అక్కడ పేరుకుంటూ వచ్చింది. అక్కడొక ఒర్రె పారేది. జేసీబీ దాన్ని పూడ్చి చదును చేసింది. కాగితం మీద ఇప్పుడు అది తూర్పు ముఖం ప్లాటు.

భూమి ధర పెరగడాన్నీ, రైతు అమ్ముకోవడాన్నీ తప్పుపట్టడానికి కాదు ఈ వ్యాసం. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ పట్టణాలు పెరగాలి. తరాల పాటు వలసపోయి ఊరూరా ప్రాజెక్టులు కట్టిన పాలమూరు కూలీల పిల్లలకు సొంత జిల్లాలోనే ఇల్లు, పని దొరకాలి. మహబూబ్‌నగర్ 2025లో నగరపాలక సంస్థ అయింది. ప్రాంతీయ రింగురోడ్డు చౌటుప్పల్‌ను తాకుతోంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఆమనగల్లు, కడ్తాల్ ఫ్యూచర్ సిటీ ప్రాధికార సంస్థ పరిధిలోకి వచ్చాయి. పెరుగుదల ఆగేది కాదు, ఆపాల్సిన పనీ లేదు. కానీ ఈ నేల ఎలాంటిదో, దాని మీద పడిన నీళ్లు ఎటు పోతాయో తెలుసుకోకుండా గీసిన లేఅవుట్ కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ఆ లెక్క ఎలా ఉంటుందో ఇక్కడ చూద్దాం.

ఈ రెండు జిల్లాల కింద ఉన్నది గ్రానైటు, నైసు. 250 కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయి. దాని పైభాగం ఎండకూ వానకూ శిథిలమై, పది నుంచి ఇరవై మీటర్ల దాకా మొరంలా మారింది. మొరం కింద పగుళ్లున్న బండ, ఇంకా కిందికి పోతే పగుళ్లు కూడా లేని ఒట్టి బండ. గట్టి నేల మీద పరిచిన తడి బొంత లాంటిది ఆ పై పొర. ఇక్కడి భూగర్భజలమంతా ఆ బొంతలోనూ, దాని కిందే ఉన్న పగుళ్లలోనూ ఉంటుంది. ఎంత లోతుకు పోతే అంత నీరు అనే మాట ఇక్కడ చెల్లదు.

దీన్ని చాలా దగ్గరగా పరిశీలించింది మన చౌటుప్పల్‌లోనే. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి అక్కడ ఒక ప్రయోగ క్షేత్రం పెట్టి, పక్కపక్కనే చాలా బోర్లు వేసి, ఒక బోరులో నీరు తోడితే మిగతావాటిలో ఏమవుతుందో ఏళ్ల తరబడి కొలిచారు. తేలిందేమిటంటే, నీటిమట్టం పైన ఉన్నంతకాలం మొరానికీ బండకూ మధ్యనున్న పొర గుండా నీరు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పారుతుంది. మట్టం కిందికి పడిపోయాక ఆ దారి మూసుకుపోతుంది. ఒక్కో బోరు తన చుట్టూ ఉన్న కొద్దిపాటి పగుళ్లకే పరిమితమవుతుంది. పక్క బోరులో నీళ్లున్నా మన బోరుకు రావు. పక్కింట్లో 300 అడుగులకు పడిందని మనం 600 అడుగులు వేసినా దుమ్మే లేచే ఊళ్లు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని. బోరు వేసినవాడి తలరాత అనుకుంటాం గానీ, కారణం రాయిలో ఉంది.

ఇప్పుడు ఒక ఎకరం లెక్క చూద్దాం. ఎకరమంటే 40 గుంటలు, 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి పోగా ప్లాట్లకు మిగిలేది సుమారు 2,900 గజాలు. రెండువందల గజాల చొప్పున పద్నాలుగు ఇళ్లు. ఇక్కడ ఏడాదికి పడే వాన 600 మిల్లీమీటర్లకు కాస్త అటు ఇటు. శిథిల గ్రానైటు నేలలో వాననీటిలో సుమారు పదోవంతు భూమిలోకి ఇంకుతుందని భూగర్భజల శాఖలు లెక్కగడతాయి. అంటే ఎకరానికి ఏడాదికి 2 లక్షల 40 వేల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది ప్రమాణం. నలుగురున్న ఇంటికి ఏడాదికి దాదాపు 2 లక్షల లీటర్లు. ఎకరం నేల తన వానతో పోషించగలిగేది ఒక్క కుటుంబాన్ని. మనం అక్కడ పద్నాలుగు కుటుంబాలను దింపుతున్నాం. వాళ్లకు కావలసింది 27 లక్షల లీటర్ల పైమాట.

ప్రతి ఇంటి కప్పు మీద పడిన వాననూ పట్టి ఇంకిస్తే? వంద చదరపు మీటర్ల కప్పు నుంచి ఏడాదికి ఎంత లేదన్నా 48 వేల లీటర్లు వస్తుంది. పద్నాలుగు ఇళ్లకు దాదాపు 6 లక్షల 70 వేలు. సహజంగా ఇంకేదానికి ఇది రెండున్నర రెట్లకు పైనే. కాబట్టి ఇంకుడుగుంత తీసిపారేయదగ్గది కాదు. అయినా అవసరంలో నాలుగోవంతే. మిగతాది కృష్ణ నుంచి పైపులో రావాలి. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో నిలబడింది 2015లో. ఆ పైపు తమ వెంచర్ దాకా వచ్చిందో లేదో కొనేవాళ్లు ముందుగా అడగాల్సింది పోయి, బోరు పాయింట్ ఎక్కడని అడుగుతున్నారు.

బోరు మీద ఆధారపడితే నల్లగొండలో ఇంకో ముప్పు ఉంది. దాన్ని ఈ జిల్లాకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. ఇక్కడి గ్రానైటులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడు కరుగుతుంది. పైపొర ఎండిపోయి లోతుల్లోంచి తోడేకొద్దీ చాలాకాలంగా కదలని నీరు బయటికొస్తుంది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అన్నది భారతీయ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో వంగిన కాళ్లు, గట్టిపడ్డ నడుములు ఆ హద్దు దాటిన ఫలితమే. సురక్షిత నీరు వచ్చాక తగ్గుముఖం పట్టిన ఆ జబ్బును కొత్త కాలనీల బోర్ల ద్వారా మళ్లీ ఇంట్లోకి పిలవడం కన్నా అన్యాయం ఇంకోటి లేదు. దానికి తోడు మురుగు కాలువ లేని వెంచర్లలో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. దాని పక్కనే బోరు. పలచని మొరం గుండా నైట్రేటు బోరులోకి దిగడానికి పెద్ద సమయం పట్టదు.

నీళ్లు చాలకపోవడం ఒక బాధ. ఎక్కువై ఇంట్లోకి రావడం ఇంకో బాధ. ఒకే కాలనీ ఏప్రిల్‌లో ట్యాంకర్ల కోసం, సెప్టెంబర్‌లో పడవల కోసం ఎదురుచూడటం వింతగా అనిపిస్తుంది గానీ, రెండింటికీ మూలం ఒక్కటే: ఇంకాల్సిన నీరు ఇంకకుండా పారిపోవడం.

వాననీరు ఎంత పారుతుందో కట్టే లెక్కను మొదట రాసినవాడు థామస్ మల్వానీ అనే ఐర్లాండ్ ఇంజనీరు. 1850ల మొదట్లో డబ్లిన్‌లోని ఇంజనీర్ల సంఘం ముందు ఆయన చదివిన పత్రం నుంచి పుట్టిన సూత్రంతోనే ఇవాళ్టికీ మన మున్సిపాలిటీ ఇంజనీర్లు మోరీల వెడల్పు నిర్ణయిస్తారు. సూత్రం చాలా తేలిక. నేల విస్తీర్ణం, వాన తీవ్రత, ఆ నేల వాననీటిలో ఎంత భాగాన్ని పారనిస్తుందో చెప్పే గుణకం. ఈ మూడింటినీ హెచ్చవేయడమే. ఎర్ర చెలకకు ఆ గుణకం పావు అటు ఇటు. ఇంటి కప్పులు, సిమెంటు రోడ్లు, టైల్స్ పరిచిన వాకిళ్లతో నిండిన కాలనీకి నూటికి ఎనభై.

ఇరవై ఎకరాల వెంచర్ అనుకుందాం. ఒక్క సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడింది. ఎకరం మీద పడే నీరు 2 లక్షల లీటర్లు. చెలకగా ఉన్నప్పుడు ఇరవై ఎకరాల నుంచి బయటికి పారేది 10 లక్షల లీటర్లు. ఇళ్లు నిండాక 32 లక్షలు. తేడా 22 లక్షల లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు 440. వెంచర్ యజమాని అమ్ముకుని వెళ్లిపోతాడు, ఈ 440 ట్యాంకర్లు మాత్రం ప్రతి పెద్దవానకూ కింది కాలనీ గుమ్మం ముందుకొస్తాయి.

మల్వానీ ఇంకొక సంగతి కూడా పట్టుకున్నాడు. నీరెంతన్నదే కాదు, ఎంతసేపట్లో వస్తుందన్నది కూడా ముఖ్యం. పొలంలో ఒడ్లు, గట్లు, గడ్డి, దున్నిన చాళ్లు అడుగడుగునా నీటిని ఆపుతాయి. దూరపు మూల నుంచి వాగు దాకా చేరేసరికి గంటలు పడుతుంది. వాలు వెంబడి వేసిన సిమెంటు రోడ్డు అదే నీటిని నిమిషాల్లో దించుతుంది. అన్ని మూలల నీరూ ఒక్కసారే కింద కలుస్తుంది. అందుకే పాత మోరీలు వెడల్పు తగ్గకపోయినా పొంగుతాయి.

మన పూర్వులకు ఈ సూత్రం కాగితం మీద తెలియదు గానీ నేల మీద తెలుసు. వాన తక్కువ, నేల వాలు, కింద బండ. కాబట్టి పారే నీటిని మెట్టుమెట్టుకూ ఆపాలి. పై కుంట నిండి అలుగు పోస్తే కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి, చివరికి దుందుభికో మూసీకో హాలియాకో చేరి కృష్ణలో కలవాలి. గొలుసుకట్టు చెరువులన్నది అదే. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కందూరు చోళుల కాలంది, అంటే పన్నెండో శతాబ్దంది. ఇవాళ అది కాలువ నీళ్లు నింపుకునే బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. తొమ్మిది వందల ఏళ్ల కింద ఎంచుకున్న పల్లం ఇంకా పల్లమే. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని మిషన్ కాకతీయ సమయంలో లెక్క తేలింది. ఈ ఎత్తు ప్రాంతాల్లో ఏ పట్టణానికైనా మొట్టమొదటి మాస్టర్‌ప్లాన్ ఆ గొలుసే అని నేను నమ్ముతాను.

గొలుసు ఎక్కడ తెగుతోంది? చెరువును పూడ్చడం అందరికీ కనబడే నేరం. కనబడకుండా గొలుసు తెగేది మూడు చోట్ల. చెరువులోకి నీరు తెచ్చే పాటు కాలువ వెంచర్‌లో కలిసిపోతుంది. అలుగు నుంచి కిందికి పోయే కాలువ కాలనీలో ఇరుకు మోరీ అవుతుంది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. చెరువు కింది ఆయకట్టు ప్లాట్లయ్యాక తూము తెరిచేవాళ్లుండరు. పూర్వం నాట్లకు నీళ్లు వదిలేకొద్దీ చెరువులో జాగా ఏర్పడేది, తర్వాతి పెద్దవానను ఆ జాగా మింగేది. ఇప్పుడు కట్ట మీద నడవడానికి, పడవలు తిప్పడానికి చెరువు ఎప్పుడూ నిండుగా ఉండాలని కోరుకుంటున్నాం. నిండు చెరువు ఇంకో వానను పట్టలేదు, వచ్చింది వచ్చినట్టే అలుగు మీదుగా వదిలేస్తుంది.

మహబూబ్‌నగర్ పెద్ద చెరువు అలుగు పోసిన ఏళ్లలో రామయ్యబౌలి, బీకేరెడ్డి కాలనీ, శివశక్తినగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మినీ ట్యాంక్‌బండ్‌గా ముస్తాబైన ఆ చెరువు కట్ట అందంగానే ఉంది. కింది కాలువే ఊరికి సరిపోవడం లేదు. ఇదే పట్టణానికి దగ్గర్లో, మాచన్‌పల్లి – కోడూరు మధ్య రైల్వే వంతెన కింద 2022 జులై 8న ఒక బడి బస్సు వాననీటిలో సగం మునిగింది. ఊరివాళ్లు నీళ్లలోకి దిగి పిల్లలను ఒక్కొక్కరినీ బయటికి తెచ్చారు. పారే నేలలో మనమే తవ్వి చేసిన పల్లం అది. అండర్‌పాస్ గీసిన కాగితంలో చుట్టూ నుంచి వచ్చే వాననీటికి ఎంత చోటిచ్చారన్నది ఇలాంటి ప్రతి నిర్మాణం దగ్గరా వేయాల్సిన ప్రశ్న.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు రెండుపక్కలా 9 మీటర్లు, అంతకన్నా సన్నని నాలాకు 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అని అందరూ అనే పూర్తి నీటిమట్టం అంటే, అలుగు మీద నుంచి నీరు దూకడం మొదలయ్యే ఎత్తులో చెరువు పరుచుకునే మేర. చిక్కంతా ఇక్కడే. వాన తక్కువ ప్రాంతం కాబట్టి చెరువు ఆ హద్దు దాకా రావడం ఏ నాలుగైదేళ్లకో ఒకసారి. మిగతా ఏళ్లలో ఆ హద్దు లోపలి శిఖం భూమి దున్నుకునే మామూలు నేలలాగే ఉంటుంది. ఏప్రిల్‌లో కారులో వచ్చి చూసినవాళ్లకు చెరువు ఎక్కడో దూరంగా కనబడుతుంది. లేక్ వ్యూ అని అదనంగా డబ్బు కూడా కడతారు.

2020 ఆగస్టులో వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి రాష్ట్రమంతా కలిపి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని ప్లాట్లు ఎన్ని ఉన్నాయో ఆ ఒక్క అంకె చెబుతుంది. శిఖం, నాలా భూములను పథకం మినహాయించింది, అది మంచి పని. కానీ లేఅవుట్‌లో వదలాల్సిన పదిశాతం ఖాళీ స్థలం లేకపోతే దానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం రుసుము కడితే సరిపోతుందన్నారు. పేదవాడు కష్టపడి కొన్న ప్లాటుకు చట్టబద్ధత రావడం అవసరమే. అయితే ఖజానాకు చేరిన రుసుము ఆ కాలనీలో ఒక్క చుక్క నీటిని కూడా ఇంకించదు. అక్కడ నేల ఉండాలి.

ఆ పదిశాతం నేల ఎంత పని చేయగలదో మన ఇరవై ఎకరాల వెంచర్‌తోనే లెక్కేద్దాం. పదిశాతమంటే రెండెకరాలు, సుమారు 8,100 చదరపు మీటర్లు. అదనంగా పారే నీరు 22 లక్షల లీటర్లు, అంటే 2,200 ఘనపు మీటర్లు. భాగిస్తే వచ్చేది 27 సెంటీమీటర్లు. అడుగు కన్నా తక్కువ! ఆ రెండెకరాల పార్కు చుట్టుపక్కల రోడ్ల కన్నా అడుగు లోతులో ఉంటే చాలు. 50 మిల్లీమీటర్ల వానకు వెంచర్ అదనంగా వదిలే నీరంతా అక్కడే ఆగి, నెమ్మదిగా మొరంలోకి దిగుతుంది. మిగతా కాలమంతా పిల్లలు అక్కడే ఆడుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త సాంకేతికత అక్కర్లేదు. ఖాళీ స్థలాన్ని లేఅవుట్‌లో అన్నిటికన్నా పల్లంలో, ఒర్రె పారిన చోటే పెట్టాలి.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అమ్ముడుపోయే ప్లాట్లన్నీ గీసుకున్నాక మిగిలిన మూల, వంకర ముక్క పార్కు పేరుతో వదులుతారు. చాలాసార్లు అది గుట్ట అంచున ఎత్తు మీద ఉంటుంది. నీళ్లు ఎక్కని చోట పార్కు, నీళ్లు దిగే చోట ఇల్లు.

ఐర్లాండ్ ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2000ల్లో అక్కడ భూమి ధరలు మన దగ్గరలాగే ఎగిరిపడ్డాయి. బ్యాంకులు అప్పులిచ్చాయి, చిన్న పట్టణాల చుట్టూ పొలాల్లో ఇళ్ల సముదాయాలు లేచాయి. 2008లో ధరలు కూలాయి. 2010లో ప్రభుత్వం తిరిగి చూస్తే పనులు పూర్తికాని సముదాయాలు 2,800కు పైగా తేలాయి. వీధి దీపాలు లేనివి, మురుగు కాలువ కలపనివి, మనిషన్నవాడు లేనివి. కొన్నిటిని నదుల వరద మైదానాల్లోనే కట్టారు. 2009 నవంబరులో లీ నది పొంగి కార్క్ నగరాన్ని ముంచెత్తింది. ఆ నెలలోనే వెలువడిన ప్రణాళికా మార్గదర్శకాల్లో నేలను వరద అవకాశాన్నిబట్టి మూడు మండలాలుగా విడదీశారు. నది వరద వందేళ్లకు ఒకసారైనా వచ్చే అవకాశమున్న నేలలో ఇళ్లకు అనుమతి కావాలంటే, వేరే చోటు లేదని గట్టిగా రుజువు చేసుకోవాలి. భూమి ఎవరిదన్న ప్రశ్నతో పాటు, ఆ భూమి మీదికి నీరు ఎంత తరచుగా వస్తుందన్న ప్రశ్న కూడా అనుమతి కాగితంలోకి ఎక్కింది.

మన అనుమతుల్లో మొదటి ప్రశ్నకు నిన్నటిదాకా ధరణి, ఇప్పుడు భూభారతి అనే భూరికార్డుల పోర్టల్, పాసుపుస్తకం, వ్యవసాయేతర భూమిగా మార్పిడి ఇన్ని ఉన్నాయి. రెండో ప్రశ్నకు చోటే లేదు. పట్టణాభివృద్ధి సంస్థలు, నగరపాలక సంస్థ కొత్త మాస్టర్‌ప్లాన్లు గీసుకునే కాలమిది. రోడ్ల గీతలు పడకముందే వాలు గీతలు పడాలి. ప్రతి లేఅవుట్ దరఖాస్తుతో పాటు అర మీటరు తేడాతో ఎత్తుపల్లాల పటం, వాననీరు లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి చూపించాలని షరతు పెడితే సర్వేయరుకు రెండు రోజుల పని. చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దులు తుదిగా తేల్చి, రాళ్లు పాతి, సర్వే నెంబర్లతో సహా గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు, నిశ్చయంతో కూడిన పని.

కొనేవాళ్లకు ఒక మనవి. ప్లాటు చూడటానికి ఆదివారం ఎండలో వెంచర్ వాళ్ల కారులో వెళ్లి రాకండి. గ్రామ నక్షా తీయించి ఆ సర్వే నెంబరులో గానీ పక్కన గానీ వాగు గీత, కుంట గుర్తు ఉన్నాయేమో చూడండి. 1954–55 ఖాస్రా పహాణీలో ఆ నేలను ఏమని రాశారో చదివించుకోండి. ఇంకా అమ్ముకోని పక్క చేనులో పని చేసుకుంటున్న పెద్దాయన దగ్గర నిలబడి, "పెద్దవాన కొడితే నీళ్లు ఏడికెల్లి వస్తయి తాతా, యాడికి పోతయి?" అని అడగండి. ఆయన చెయ్యెత్తి చూపించిన దారి మీ ప్లాటు మీదుగా పోతే అక్కడ కొనకండి. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నా ఆగస్టులోనో సెప్టెంబరులోనో పెద్దవాన పడిన మర్నాడు ఒక్కసారి వెళ్లి ఆ నేల మీద నడిచి చూసి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.